పట్టూ విడుపూ: మందును మోసే లింకర్లు, లిపిడ్ల చరిత్ర

ఉపోద్ఘాతం

ఇంతకుముందు పాఠాల్లో మీరు సల్ఫా మందులు, పెన్సిలిన్, టెట్రాసైక్లిన్లు ఎలా వచ్చాయో చదివారు. అవి మందును కనుక్కోవడానికి సంబంధించిన చరిత్రలు. ఈ పాఠం విషయం వేరు. కనుక్కొన్న మందును శరీరంలో కావలసిన చోటికే చేర్చడం ఎలా? దారిలో దానివల్ల హాని కలగకుండా చూడడం ఎలా? గత శతాబ్దంలో రసాయన శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నలకు వెతికిన జవాబులను ఇక్కడ తెలుసుకుందాం.

1948 జూన్‌లో బోస్టన్ పిల్లల ఆస్పత్రికి చెందిన సిడ్నీ ఫార్బర్, ఆయన సహచరులు ఒక నివేదిక ప్రచురించారు. ల్యుకేమియా వచ్చిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చారు. వారిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. అప్పటిదాకా ఆ రోగాన్ని వెనక్కి తిప్పిన మందు లేదు. ఆ అణువును తయారుచేసిన లెడర్లే ప్రయోగశాల పరిశోధనలకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇదంతా తెలుగువారికి తెలిసిన సంగతే. తక్కువగా తలచుకునే సంగతి ఇంకొకటి ఉంది. ఆ మందు పిల్లల నోటిని పుళ్లమయం చేసింది. కారణం తేలికే. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకోవడం ద్వారా ఆ మందు కణ విభజనను ఆపుతుంది. క్యాన్సర్ కణాలే కాదు, నోటి లోపలి పొర కణాలూ, ఎముక మజ్జ కణాలూ వేగంగా విభజన చెందుతాయి. మందుకు ఆ తేడా తెలియదు.

తేడా తెలిసిన మరో అణువుకు మందును కట్టి పంపితే? లేదా మందును ఒక కొవ్వు గోళంలో పెట్టి పంపితే? ఈ రెండు ఆలోచనల నుంచి రెండు శాఖలు పెరిగాయి. మొదటిదానిలో రెండు అణువులను కలిపే చిన్న రసాయన ముక్కను లింకర్ అంటారు. సంధాన అణువు అని అనువదించవచ్చుగానీ, వాడుకలో లింకర్ అనే మాటే స్థిరపడింది. రెండోదానిలో పని చేసేవి లిపిడ్లు. రెండింటికీ ఎదురైన చిక్కు మాత్రం ఒక్కటే. మనిషికి పట్టువిడుపులు తెలియాలని మన పెద్దలు అంటారు. మందును మోసే అణువుకు కూడా సరిగ్గా అదే తెలియాలి. రక్తంలో ఉన్నంతసేపు గట్టిగా పట్టుకోవాలి. కణంలోకి వెళ్లాక విడిచిపెట్టాలి. పట్టు ఒక్కటే సాధించడం ఎప్పుడూ కష్టం కాలేదు. పట్టూ విడుపూ రెండూ ఒకే అణువులో ఉండేలా చూడడానికే సుమారు 60 ఏళ్లు పట్టింది.

రంగుల పరిశ్రమ ఇచ్చిన ముడి

జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ తన పరిశోధనలను రంగులతో మొదలుపెట్టారు. కొన్ని రంగులు కొన్ని కణాలకే అంటుకోవడం చూసి, రోగకారకానికి మాత్రమే అంటుకునే మందు ఉండకూడదా అని అడిగారు. ఆయన వాడిన ‘మాయా తూటా’ అనే మాట మీరు వినే ఉంటారు. ఈ ఆలోచనకు ఆధారమైన రసాయన చర్య కూడా రంగుల పరిశ్రమ నుంచే వచ్చింది. 1858లో పీటర్ గ్రీస్ డయాజో సమ్మేళనాలను కనుక్కొన్నారు. అమైన్ సమూహమున్న ఒక బెంజీన్ వలయాన్ని చల్లటి నైట్రస్ ఆమ్లంతో చర్య జరిపితే, అది మరో వలయానికి రెండు నత్రజని పరమాణువుల వంతెనతో అతుక్కునేలా తయారవుతుంది. బట్టల రంగులు ఎన్నో ఈ వంతెనమీదే నిలిచాయి.

1910 దశకం చివర్లో కార్ల్ లాండ్‌స్టైనర్ ఇదే వంతెనతో చిన్న రసాయనాలను ప్రోటీన్లకు అతికించారు. శరీరం ఆ చిన్న రసాయనాన్ని కూడా గుర్తుపట్టి ప్రతిరక్షకాలు తయారుచేస్తుందని చూపారు. యాంటీబాడీలనే మన పాఠ్యపుస్తకాల్లో ప్రతిరక్షకాలు అంటున్నాం. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆస్వాల్డ్ ఏవరీ, వాల్టర్ గోబెల్ 1929 నుంచి న్యుమోనియా బాక్టీరియా పైతొడుగులోని చక్కెర గొలుసును ఒక ప్రోటీన్‌కు డయాజో పద్ధతిలో కలిపారు. ఒంటరి చక్కెరకు కుందేళ్లలో అంతగా రాని రోగనిరోధక స్పందన, జంట అణువుకు వచ్చింది. జీవాణువులను రసాయన బంధంతో జతచేయడాన్ని జీవసంధానం అందాం. దాని తొలి ఫలవంతమైన ఉదాహరణ ఇదే.

1958లో పారిస్‌లో జార్జ్ మాథే బృందం ఒక అడుగు ముందుకు వేసింది. ఎలుకల ల్యుకేమియాను హామ్‌స్టర్ జంతువులలోకి ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను తీసుకుని, వాటికి మెథోట్రెక్సేట్ మందును డయాజో బంధంతో కట్టారు. మెథోట్రెక్సేట్ అంటే అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టం, అది కూడా లెడర్లే ప్రయోగశాల బిడ్డే. ప్రతిరక్షకానికి క్యాన్సర్ మందును కట్టిన తొలి ప్రయోగంగా దీనిని చరిత్రకారులు లెక్కిస్తారు. గ్రీస్ కనుక్కొన్న చర్యకు అప్పటికి సరిగ్గా నూరేళ్లు.

ఆ ప్రయోగం ఎలుకల దగ్గరే ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు మనకు తెలుసు. మొదట, హామ్‌స్టర్ రక్తంలోని ప్రతిరక్షకాలు ఒక్క రకం కావు, కలగాపులగం. రెండు, డయాజో చర్యకు విచక్షణ తక్కువ. ప్రోటీన్‌లో టైరోసిన్, హిస్టిడిన్ ఎక్కడ దొరికితే అక్కడ అతుక్కుంటుంది. మూడు, ఆ ముడికి విడుపు లేదు. మొదటి చిక్కును 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోహ్లర్, సీజర్ మిల్‌స్టీన్ తీర్చారు. ఒకే కణ సంతతి నుంచి ఒకే రకం ప్రతిరక్షకాన్ని కావలసినంత తయారుచేసే పద్ధతి అది. మిగతా రెండూ రసాయన శాస్త్రవేత్తల వంతు.

విడుపు అక్కరలేని చోట

అన్ని లింకర్లకూ విడుపు అవసరం లేదు. టీకాల సంగతి చూడండి. టైఫాయిడ్ బాక్టీరియా చుట్టూ వి.ఐ. అనే చక్కెర తొడుగు ఉంటుంది. ఒంటరిగా ఈ చక్కెరను టీకాగా ఇస్తే పెద్దవారిలో కొంత రక్షణ వస్తుంది కాని, రెండేళ్లలోపు పిల్లలలో సరైన స్పందన రాదు, రోగనిరోధక జ్ఞాపకం ఏర్పడదు. ఎందుకంటే జ్ఞాపకాన్ని నిలిపేందుకు సహాయపడే టి-కణాలు ప్రోటీన్ ముక్కలను చూస్తాయిగానీ చక్కెరను చూడవు. చక్కెరను ఒక ప్రోటీన్‌కు సంయోజనీయ బంధంతో కట్టేస్తే, చక్కెరను గుర్తించిన కణం ప్రోటీన్‌ను కూడా మింగుతుంది, టి-కణాల సాయం దొరుకుతుంది. ఏవరీ, గోబెల్ చూసినది ఇదే.

దాదాపు 50 ఏళ్ల తర్వాత అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జాన్ రాబిన్స్, రేచెల్ ష్నీర్సన్ ఈ పాత పాఠాన్ని బయటికి తీశారు. పిల్లలలో మెదడు పొరల వాపు తెచ్చే హిబ్ బాక్టీరియా చక్కెరను 1980లో ప్రోటీన్‌కు కట్టారు. ఇక్కడ డయాజో వాడలేదు. అడిపిక్ ఆమ్లపు డైహైడ్రజైడ్ అనే చిన్న గొలుసు లింకర్‌గా పనిచేసింది. దానికి రెండు కొసల్లోనూ పట్టుకొనే చేతులున్నాయి. 1987లో అదే సంస్థలో వి.ఐ. చక్కెరను కూడా ఇలా ప్రోటీన్‌కు కట్టారు.

ఈ పరిశోధన ఫలితం మన దగ్గరికే వచ్చింది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ వి.ఐ. చక్కెరను ధనుర్వాత టాక్సాయిడ్‌కు కట్టి తయారుచేసిన టీకాను 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ముందస్తు ఆమోదం పొందిన టీకాల జాబితాలో చేర్చింది. ఆరు నెలల పసివారికి కూడా ఇవ్వదగిన టైఫాయిడ్ టీకా అలా ఆ జాబితాలోకి రావడం అదే మొదటిసారి. నేపాల్‌లో జరిగిన పెద్ద పరీక్షలో అది పిల్లలకు 81.6 శాతం రక్షణ ఇచ్చినట్టు 2019లో తేలింది. హైదరాబాదుకే చెందిన బయొలాజికల్ ఇ సంస్థ టీకా 2020లో అదే జాబితాలో చేరింది. టైఫాయిడ్ జ్వరం ఎన్ని వారాలు మనిషిని మంచాన పడేస్తుందో మన ఇళ్లలో వేరే చెప్పక్కరలేదు. జీవసంధానం అనగానే చాలామందికి ఖరీదైన క్యాన్సర్ మందులే గుర్తుకొస్తాయి. నా ఉద్దేశంలో ఎక్కువమందికి మేలు చేసినది మాత్రం ఈ టీకాల ముడే.

విషాన్ని మోసే ప్రతిరక్షకం

ఇప్పుడు కష్టమైన భాగానికి వద్దాం. ప్రతిరక్షకంలో మందును కట్టడానికి వీలైన చోట్లు ముఖ్యంగా రెండు. లైసిన్ అనే అమైనో ఆమ్లం కొసన ఉన్న అమైన్ సమూహం ఒకటి. సిస్టీన్‌లోని గంధకం రెండోది. అమైన్‌ను పట్టుకోవడానికి సక్సినిమైడ్ ఎస్టర్లు, గంధకాన్ని పట్టుకోవడానికి మాలెయిమైడ్ వలయం వాడుకలోకి వచ్చాయి. ఒక కొసన ఒక రకం చెయ్యి, రెండో కొసన మరో రకం చెయ్యి ఉన్న లింకర్లు 1970 దశకం చివరికి ప్రయోగశాలల్లో మామూలు సరుకయ్యాయి. 1978లో స్వీడన్ శాస్త్రవేత్తలు వర్ణించిన ఎస్.పి.డి.పి. వాటిలో ప్రసిద్ధమైనది. కట్టడం ఇక సమస్య కాలేదు. విప్పడమే సమస్య.

కణం లోపలికీ, రక్తానికీ ఉన్న తేడాలను ఒకసారి గమనించండి. రక్తం పి.హెచ్. 7.4. కణంలో జీర్ణక్రియ జరిగే లైసోజోమ్ అనే సంచిలో అది 5 దగ్గరికి దిగుతుంది. కణంలో గ్లూటాథయోన్ అనే గంధక సమ్మేళనం రక్తంలోకంటే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ. లైసోజోమ్‌లో ప్రోటీన్లను కోసే ఎంజైములు రక్తంలో దాదాపు పనిచేయవు. అంటే శరీరమే మనకు మూడు తాళంచెవులు ఇచ్చింది: ఆమ్లం, గ్లూటాథయోన్, ఎంజైమ్. వీటిలో ఏదో ఒకదానికి మాత్రమే తెరుచుకునే తాళం తయారుచేయాలి.

మొదట నమ్మినది ఆమ్లాన్ని. హైడ్రజోన్ బంధం తటస్థ ద్రావణంలో నిలుస్తుంది, ఆమ్లంలో నీటితో చర్య జరిపి విడిపోతుంది. 1993లో డాక్సోరుబిసిన్ అనే మందును ఈ బంధంతో బి.ఆర్.96 అనే ప్రతిరక్షకానికి కట్టి ఇచ్చినప్పుడు ఎలుకల్లోకి ఎక్కించిన మనిషి కణితులు మాయమయ్యాయి. అందరూ ఆశపడ్డారు. రోగుల్లో ఆ ఫలితం రాలేదు. ప్రతిరక్షకం రక్తంలో ఎన్నో రోజులు తిరుగుతుంది, ముడి అంతకాలం నిలవలేదు. పైగా ఆ ప్రతిరక్షకం పట్టుకొనే గుర్తు పేగుల లోపలి పొరమీద కూడా ఉంది. ఇంకో లోపం మందులోనే ఉంది. కణితి దాకా చేరేది ఇచ్చిన ప్రతిరక్షకంలో చాలా చిన్న భాగం. ఆ కొద్దిపాటి మందుతో పని జరగాలంటే మామూలు కీమోథెరపీ మందు చాలదు, ఎన్నో రెట్లు తీవ్రమైన విషం కావాలి.

అటువంటి విషం మళ్లీ లెడర్లే నుంచే వచ్చింది. సుబ్బారావు చనిపోయి అప్పటికి నాలుగు దశాబ్దాలు. టెక్సస్ రాష్ట్రంలో కెర్‌విల్ దగ్గరి సున్నపు గడ్డల మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆ సంస్థ శాస్త్రవేత్తలు కాలికియామైసిన్‌ను వేరుచేసి 1987లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. ఆ మట్టిని అక్కడ కలీచే అంటారు, పేరు అందులోంచే వచ్చింది. ఈ అణువులో మూడు గంధక పరమాణువుల గొలుసు ఒకటి ఉంది. గ్లూటాథయోన్ ఆ గొలుసును తెంపగానే అణువు మొత్తం ఆకారం మార్చుకుని డి.ఎన్.ఎ. రెండు పోగులనూ ఒకేచోట కోస్తుంది. విడిగా రోగికి ఇవ్వడానికి ఏమాత్రం పనికిరాని విషం ఇది.

దీనిని ల్యుకేమియా కణాలమీద ఉండే సి.డి.33 అనే గుర్తును పట్టుకొనే ప్రతిరక్షకానికి హైడ్రజోన్ లింకర్‌తో కట్టారు. అదే మైలోటార్గ్. 2000 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. దీనిని వేగవంతమైన పద్ధతిలో ఆమోదించింది. ప్రతిరక్షకానికి మందును కట్టిన రకంలో ఆమోదం పొందిన మొదటిది ఇదే. అయితే ఆ సీసాలో ఉన్నది ఏమిటో చూడండి. లైసిన్లు ఒక ప్రతిరక్షకంలో 80కి పైగా ఉంటాయి. విషం ఎక్కడ అతుక్కుంటుందో అదుపు లేదు. సుమారు సగం ప్రతిరక్షకాలకు అసలు విషమే అంటుకోలేదు, మిగతా సగానికి నాలుగు నుంచి ఆరు అణువులు అంటుకున్నాయి. కాలేయంలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం కొందరు రోగుల్లో కనిపించింది.

ఆమోదం తర్వాత జరిపిన పెద్ద పరీక్షలో మామూలు చికిత్సకు మైలోటార్గ్‌ను చేరిస్తే ఆయుష్షు పెరగలేదు. చికిత్స తొలి దశలోనే మందు దుష్ఫలితాలవల్ల చనిపోయినవారు మైలోటార్గ్ తీసుకున్నవారిలో 5.7 శాతం, తీసుకోనివారిలో 1.4 శాతం. 2010లో తయారీదారు దానిని మార్కెట్ నుంచి ఉపసంహరించుకున్నారు. ఈ తరహా మందుల పని అయిపోయిందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. ఫ్రాన్స్ వైద్యులు మాత్రం వదల్లేదు. చదరపు మీటరు శరీర ఉపరితలానికి 9 మిల్లీగ్రాముల పెద్ద మోతాదు బదులు 3 మిల్లీగ్రాముల చొప్పున మూడుసార్లు ఇచ్చి చూశారు. రోగం తిరగబెట్టకుండా గడిచే కాలం పెరిగింది. 2017 సెప్టెంబరులో మైలోటార్గ్ మళ్లీ ఆమోదం పొందింది. ప్రతిరక్షకం అదే, విషం అదే, లింకర్ అదే. మారింది మోతాదు, అది ఇచ్చే తీరు. అరకొర ముడితో కూడా జాగ్రత్తగా ఉంటే పని జరుగుతుందని ఒకరు అంటారు. ఏడేళ్లు రోగులకు అందకుండా పోయిన మందు అని మరొకరు అంటారు. రెండూ నిజమే.

ఈలోగా రసాయన శాస్త్రవేత్తలు మూడో తాళంచెవి వైపు తిరిగారు. వాలీన్, సిట్రులీన్ అనే రెండు అమైనో ఆమ్లాల జంటను లైసోజోమ్‌లోని కెథెప్సిన్-బి ఎంజైమ్ ఇష్టంగా కోస్తుంది. అయితే పెద్ద విషపు అణువు జంటకు ఆనుకుని ఉంటే ఎంజైమ్‌కు చోటు చాలదు. మధ్యలో ఒక బెంజీన్ వలయపు ముక్క పెట్టారు. ఎంజైమ్ జంటను కోయగానే ఆ ముక్క తనంతట తాను విచ్ఛిన్నమై విషాన్ని దాని అసలు రూపంలో వదిలేస్తుంది. ఇలాంటి ‘తనను తాను త్యాగం చేసుకునే’ ముక్కను 1981లో ఇలినాయి విశ్వవిద్యాలయంలో జాన్ కాట్జెనెలెన్‌బోగెన్ బృందం వేరే అవసరం కోసం వర్ణించింది. ముప్పై ఏళ్లు గడిచాక, 2011లో ఆమోదం పొందిన అడ్సెట్రిస్‌లో అది కీలకమైంది. ఇందులోని విషం హిందూ మహాసముద్రపు ఒక నత్త జాతి జీవిలో దొరికిన పదార్థానికి అనుకరణ. మామూలు చికిత్సలన్నీ విఫలమైన 102 మంది హాజ్‌కిన్ లింఫోమా రోగుల్లో 75 శాతం మందికి కణితులు గణనీయంగా తగ్గాయి.

ఈ మందులో విషాన్ని ప్రతిరక్షకపు గంధకానికి పట్టి ఉంచేది మాలెయిమైడ్. దాని పట్టు శాశ్వతమని చాలాకాలం నమ్మారు. అది పూర్తిగా నిజం కాదు. రక్తంలో ఈ చర్య నెమ్మదిగా వెనక్కి నడుస్తుంది. విడిపోయిన మాలెయిమైడ్ రక్తంలోని ఆల్బుమిన్ గంధకానికి అంటుకుంటుంది, విషం విలాసం మారిపోతుంది. 2012లో మరో విషయం బయటపడింది. ముడిపడిన తర్వాత మాలెయిమైడ్ వలయం నీటితో చర్య జరిపి తెరుచుకుంటే ఇక వెనక్కి నడవదు. ఆ వలయం ఎంత త్వరగా తెరుచుకుంటుందన్నది ప్రతిరక్షకంలో ముడిపడిన చోటును బట్టి ఉంటుంది. ఎక్కడ కట్టామన్నది, ఎలా కట్టామన్నంత ముఖ్యమని అలా తేలింది.

2013లో వచ్చిన కాడ్‌సైలా ఇంకో మార్గం పట్టింది. అందులో విడిపోయే ముడే లేదు. లైసోజోమ్ ప్రతిరక్షకాన్నే పూర్తిగా జీర్ణం చేసుకుంటుంది, చివరికి లైసిన్, లింకర్, విషం కలిసిన తోక మిగులుతుంది. అదే పనిచేస్తుంది. రక్తంలో చాలా స్థిరం. కాని ఆ తోకకు విద్యుదావేశం ఉండడంవల్ల అది పక్క కణంలోకి దూరలేదు. రొమ్ము క్యాన్సర్ కణితిలో కొన్ని కణాలమీద హెర్-2 గుర్తు ఉండి, పక్కవాటిమీద లేకపోతే అవి తప్పించుకుంటాయి. 2019 చివర ఆమోదం పొందిన ఎన్‌హెర్టు మళ్లీ ఎంజైమ్ కోసే లింకర్‌కు వచ్చింది. ప్రతిరక్షకానికి సుమారు ఎనిమిది మందు అణువులు, విడిపోయాక పక్క కణాల్లోకి కూడా దూరగల మందు. ఫలితాలు బాగున్నాయి. ఊపిరితిత్తుల వాపు అనే ప్రమాదాన్ని మాత్రం వైద్యులు కనిపెట్టి ఉండాలి.

కొవ్వు గోళాలు

ఇక రెండో శాఖ. 1960 దశకం మొదట్లో కేంబ్రిడ్జ్ దగ్గర బాబ్రహాం సంస్థలో అలెక్ బాంగమ్ అనే రక్తశాస్త్రవేత్త గుడ్డు పచ్చసొన నుంచి తీసిన లెసితిన్‌ను నీటితో కలిపి, సహచరుడు రాబర్ట్ హార్న్‌తో కొత్త ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. ఉల్లిపాయ పొరల్లాంటి గోళాలు కనిపించాయి. 1964లో ప్రచురించారు. లెసితిన్ వంటి ఫాస్ఫోలిపిడ్ అణువుకు నీటిని ఇష్టపడే తల ఒకటి, నీటికి దూరంగా ఉండే తోకలు రెండు. నీటిలో వేస్తే తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి రెండు వరసల పొరగా సర్దుకుంటాయి. ఆ పొర తన కొసలను కలుపుకొని గోళమవుతుంది. 1968లో జెరాల్డ్ వైస్‌మన్ వీటికి లైపోసోమ్ అని పేరు పెట్టారు.

బాంగమ్‌కు కణ పొరమీద ఆసక్తి, మందులమీద కాదు. ఈ గోళాల్లో వస్తువులు పెట్టి పంపవచ్చని గ్రెగరీ గ్రెగోరియాడిస్, బ్రెండా రైమన్ 1971లో చూపారు. ఒక ఎంజైమ్‌ను గోళాల్లో మూసి ఎలుకల్లోకి ఎక్కించారు. అవి త్వరగా రక్తంలోంచి మాయమై కాలేయంలో, ప్లీహంలో తేలాయి. అక్కడి భక్షక కణాలు వాటిని పరాయి రేణువులుగా చూసి మింగేశాయి. ఈ కాలేయం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దానికి వస్తాం.

కణితి దాకా వెళ్లాలంటే భక్షక కణాల కళ్లు కప్పాలి. ఇందుకు పాలిఇథిలీన్ గ్లైకాల్ ఉపయోగపడింది. 1977లో రట్‌గర్స్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ డేవిస్, అబ్రహం అబుకౌస్కీ ఆ పాలిమర్ గొలుసులను ప్రోటీన్లకు కట్టారు. నీటిని చుట్టూ కప్పుకొనే ఆ గొలుసులు ప్రోటీన్‌ను రోగనిరోధక వ్యవస్థ నుంచి దాచాయి. అవే గొలుసులను లిపిడ్ తలలకు కట్టి లైపోసోమ్ చుట్టూ పెంచితే గోళాలు రక్తంలో రోజుల తరబడి తిరిగాయి. జెరూసలేంలో యెఖెజ్‌కెల్ బారెన్‌హోల్జ్, ఆల్బెర్టో గబిజోన్ ఈ గోళాల్లో డాక్సోరుబిసిన్‌ను నింపిన తీరు చూడముచ్చటగా ఉంటుంది. గోళం లోపల ముందే అమ్మోనియం సల్ఫేట్ ఉంచుతారు. ఆవేశం లేని డాక్సోరుబిసిన్ పొరను దాటి లోపలికి వెళుతుంది, అక్కడి ఆమ్లంలో ఆవేశం తెచ్చుకుని సల్ఫేట్‌తో స్ఫటికమవుతుంది, ఇక బయటికి రాలేదు. 1995లో డాక్సిల్ పేరుతో ఆమోదం పొందింది. గుండెకు హాని బాగా తగ్గింది. కాని అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కే కొత్త బాధ వచ్చింది. కణితిని తగ్గించడంలో మాత్రం అది పాత మందుకంటే అంత మెరుగేమీ కాలేదు. పట్టు అద్భుతం, విడుపు మందకొడి. 2012లో అమెరికాలో దీనికి కొరత వచ్చినప్పుడు మన దేశపు సన్ ఫార్మా తయారుచేసిన ఇదే రకం మందును దిగుమతి చేసుకోవడానికి ఎఫ్.డి.ఎ. అనుమతించింది.

లైపోసోమ్ వల్ల మన దేశానికి అంతకంటే దగ్గరి మేలు ఒకటుంది. ఆంఫోటెరిసిన్-బి శిలీంధ్రాలమీద, కాలా అజార్ పరాన్నజీవిమీద బాగా పనిచేస్తుంది, మూత్రపిండాలను మాత్రం దెబ్బతీస్తుంది. లిపిడ్ పొరలో ఇమిడిస్తే ఆ హాని చాలావరకు తగ్గింది. కాలా అజార్ పరాన్నజీవి నివాసం ఎక్కడో తెలుసా? కాలేయం, ప్లీహాల్లోని భక్షక కణాల్లోనే. అంటే గోళాలు అటు వెళ్లడం ఇక్కడ లోపం కాదు, అదే కావలసింది. బీహార్‌లో జరిపిన పరీక్షలో ఒక్క మోతాదు లైపోసోమల్ మందుతో 95.7 శాతం మందికి నయమైంది. పాత మందును 15 సార్లు ఎక్కించినా దాదాపు అంతే. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి. 2021 మే నెలలో కోవిడ్ రెండో అల వెనకే బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఇదే ఇంజెక్షన్ కోసం తెలుగు రాష్ట్రాల్లో రోగుల బంధువులు ఊరూరా మందుల షాపులు తిరిగారు. ఆంఫోటెరిసిన్ పొడి ఒక్కటి ఉంటే సరిపోదు. అతి శుద్ధమైన ఫాస్ఫోలిపిడ్లు కావాలి, అవి తయారుచేసేవారు ప్రపంచంలో కొద్దిమందే. గోళాలను ఒకే పరిమాణంలో క్రిమిరహితంగా తయారుచేసే యంత్రాలు కావాలి. లిపిడ్ అంటే మందు చుట్టూ చుట్టిన కాగితం కాదని ఆ నెలలో చాలామందికి తెలిసివచ్చింది.

చివరగా ఆర్.ఎన్.ఎ. ఇది ఋణావేశమున్న పెద్ద అణువు, రక్తంలో ఎంజైములు క్షణాల్లో ముక్కలు చేస్తాయి, కణ పొరను తనంతట దాటలేదు. 1987లో ఫిలిప్ ఫెల్గ్‌నర్ బృందం ఎప్పుడూ ధనావేశంతో ఉండే ఒక లిపిడ్‌ను తయారుచేసి డి.ఎన్.ఎ.ను కణాల్లోకి పంపింది. గాజు పళ్లెంలో పెంచిన కణాలకు బాగుంది. శరీరంలో ఆ శాశ్వత ధనావేశం రక్తంలోని ప్రోటీన్లన్నింటినీ పట్టుకుంది, కణాలకు విషమైంది. విడవడం తెలియని పట్టు అది. హైదరాబాదులోని ఐ.ఐ.సి.టి., సి.సి.ఎం.బి. సంస్థల్లో కూడా ఇలాంటి లిపిడ్లమీద చాలా కాలం పరిశోధనలు జరిగాయి.

జవాబు కెనడాలోని వాంకూవర్ నుంచి, పీటర్ కలిస్ బృందం, దాని భాగస్వాముల కృషితో వచ్చింది. అవసరాన్ని బట్టి ఆవేశం మార్చుకునే లిపిడ్ అది. పి.హెచ్. 4 దగ్గర కలిపితే ధనావేశంతో ఆర్.ఎన్.ఎ.ను పట్టుకుంటుంది. రక్తపు 7.4 దగ్గర తటస్థమై ఎవరినీ పట్టించుకోదు. కణం మింగిన సంచిలో ఆమ్లం పెరగగానే మళ్లీ ఆవేశం తెచ్చుకుని, ఆ సంచి పొరను చెదరగొట్టి ఆర్.ఎన్.ఎ.ను బయటికి వదులుతుంది. ఆవేశం మారే బిందువు 6.4 దగ్గర ఉండాలని వందల లిపిడ్లు పరీక్షించి తేల్చారు. ఈ రేణువులు రక్తంలో అపోలిపోప్రోటీన్-ఇ అనే ప్రోటీన్‌ను కప్పుకుని కాలేయ కణాల్లోకే వెళతాయి. 1971లో అడ్డంకిగా కనిపించినది ఇక్కడ దారి అయింది. కాలేయంలో తయారయ్యే ఒక లోపభూయిష్ట ప్రోటీన్ నరాల్లో పేరుకుపోయే వంశపారంపర్య జబ్బుకు పటిసిరాన్ 2018 ఆగస్టులో ఆమోదం పొందింది. అందులో లిపిడ్ల పాళ్లు నూటికి 50 ఆవేశం మార్చుకునేది, 10 ఫాస్ఫోలిపిడ్, 38.5 కొలెస్ట్రాల్, 1.5 పాలిఇథిలీన్ గ్లైకాల్ కట్టిన లిపిడ్. రెండేళ్ల తర్వాత కోవిడ్ ఆర్.ఎన్.ఎ. టీకాలు దాదాపు ఇలాంటి పాళ్లతోనే వచ్చాయి. వాటిలోని కొత్త లిపిడ్లకు తోకల్లో ఎస్టర్ బంధాలు చేర్చారు, పని అయ్యాక శరీరం వాటిని తేలికగా విడగొట్టుకునేందుకు.

ఇంత చేసినా విడుపు పూర్తి కాలేదు. ఇటువంటి రేణువుల్లోని ఆర్.ఎన్.ఎ.లో సంచిని దాటి కణద్రవ్యంలోకి చేరేది 1 నుంచి 2 శాతమేనని 2013లో కొలిచారు. మిగతాది లైసోజోమ్‌లోనే నశిస్తుంది. ఇక పటిసిరాన్ విషయానికొస్తే, మూడు వారాలకొకసారి ఆస్పత్రిలో నరానికి ఎక్కించాలి. అదే సంస్థ అదే జబ్బుకు 2022లో తెచ్చిన వూట్రిసిరాన్‌లో లిపిడ్లే లేవు. ఆర్.ఎన్.ఎ. కొసకు ఒక లింకర్, దానికి మూడు కొమ్మలు, ఒక్కో కొమ్మ చివర గాలక్టోజ్ జాతి చక్కెర. కాలేయ కణాల పైనున్న ఒక గ్రాహకం ఆ చక్కెరలను పట్టుకుంటుంది. చర్మం కింద మూడు నెలలకొక ఇంజెక్షన్ చాలు.